సత్యారావు గారి బటన్

తాళాలు దాచే మనిషి

డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌గా పని చేసి రిటైరయ్యాను. అదేం ఉద్యోగమో మల్కాపురంలో మా వీధివాళ్ళకి ఈనాటికీ తెలియదు. కంప్యూటర్ పని అని మాత్రం తెలుసు కాబట్టి పక్కింటావిడ తన ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, ఫొటోలు తెరుచుకోవడం లేదు చూడమనేది. చర్చిలో మైకు కీచుమంటే పాస్టరు గారు ముందు నావైపే చూసేవారు. మా ఆయన మాత్రం చుట్టాలకి "మా గ్రేస్ కంపెనీ తాళాలన్నీ దాచే మనిషి" అని చెప్పేవారు. వింటే స్టోర్‌రూము కాపలాలా ఉంటుంది కానీ అంతకన్నా సరిగ్గా ఎవరూ చెప్పలేదు.

మాది రేవులో ఓడలు దింపిన బొగ్గుని లారీల్లో బయటికి పంపే ప్రైవేటు కంపెనీ. పేరు చెప్పను, చెబితే పాతవాళ్ళు ఫోన్లు చేసి దెప్పుతారు. యార్డులోకి వచ్చిన లారీ ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి కాటా ఎక్కుతుంది. ఆ బరువులు, ఏ ఓడ సరుకు ఏ లారీలో పోయిందన్న సంగతులు అన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. ఆ డేటాబేస్ నా చేతికింద ఉండేది. అందులోకి ఎవరు రావచ్చు, వచ్చినవాళ్ళు దేన్ని ముట్టుకోవచ్చు, మొత్తం పోతే మళ్ళీ ఎక్కడినుంచి తెచ్చుకోవాలి అన్నవి చూసుకోవడమే నా పని.

ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలు ఏ కోర్సు చేయమంటారని నన్ను అడుగుతుంటారు. ఏదో ఒకటి చేయండి, అన్నిట్లోనూ చెప్పేది ఒకటే. సెక్యూరిటీ, పర్మిషన్లు, బ్యాకప్ అని మూడు పాఠాలుంటాయి. నన్నడిగితే వాటి అసలు పేర్లు మొహమాటం, పరువు, బద్ధకం. ఆ సంగతులు కోర్సులో ఉండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాసుకునేన్ని రాలేదు కూడా.

బావకి లేదంటామా

ముందు మొహమాటం సంగతి. మా యార్డులో మగవాళ్ళందరూ ఒకరికొకరు బావలే. అందుకు చుట్టరికం ఉండక్కర్లేదు, ఒకే ఊరు కూడా అక్కర్లేదు. క్రేను నడిపే అతను లారీ డ్రైవరుకి బావ, లారీ డ్రైవరు గేటు దగ్గర గార్డుకి బావ. కొత్తగా చేరినవాడు మొదటి టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపల ఎవరికో ఒకరికి బావ అయిపోయేవాడు.

కాటా గదిలో పని చేసేవాళ్ళకి ఎవరి లాగిన్ వాళ్ళకి, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళకి ఇచ్చాను. నెల తిరక్కుండా అవన్నీ ఊరుమ్మడి అయిపోయాయి. డ్యూటీ అప్పజెప్పేటప్పుడు పాస్‌వర్డ్ కూడా అప్పజెప్పేవారు.

"బావా, ఊరెల్తన్నాను, నా డ్యూటీ సూసుకో."

"పాస్‌వర్డ్ ఏటి బావా?"

"పాతదే. మా పాప పేరు."

ఈ మాటలు కాటా గది కిటికీలోంచి సగం యార్డుకి వినబడేవి. ఆ పాప పేరు నాకు తెలుసు, గార్డుకి తెలుసు, టీ తెచ్చే ఆవిడకీ తెలుసు. ఆ పాపకి పుట్టినరోజు వస్తే అందరం చాక్లెట్లు కూడా తిన్నాం.

ఒకరోజు కాటా వాళ్ళందర్నీ కూర్చోబెట్టి గట్టిగా క్లాసు పీకాను. మీ పేరు మీద ఇంకొకడు తప్పు చేస్తే అది మీ మెడకే చుట్టుకుంటుందని భయపెట్టాను. అందరూ బుద్ధిగా తలలూపారు. క్లాసయ్యాక పైడిరాజు అనే ఆపరేటరు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మీరు సెప్పింది నిజిమే. పాస్‌వర్డ్ బయటోడికి ఇవ్వకూడదు."

"అదే కదయ్యా ఇంతసేపూ మొత్తుకున్నాను."

"కానీ మేడమ్, బావ బయటోడెలగవుతాడు?"

బావ వచ్చి పక్కన నిలబడినప్పుడు లాగౌట్ కొట్టడమంటే, భోజనాల దగ్గర కూరగిన్నె మీద మూత పెట్టేసుకోవడం లాంటిది. అంత మాట మా వైపు ఎవరూ పడరు. ఏ పుస్తకంలోనూ ఈ చిక్కు గురించి ఒక్క ముక్క లేదు.

పైడిరాజు గురించి కొంచెం చెప్పాలి. వాళ్ళది వేటకెళ్ళే కుటుంబం. నాన్న, అన్నలు ఇప్పటికీ సముద్రం మీదికి పోతారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసేవాడు ఇతనొక్కడే. "కుర్సీలో కూకున్నా జీతమిత్తారంటరా?" అని వాళ్ళ నాన్న వేళాకోళం చేసేవాడట గానీ, కొడుకు కంపెనీ ఐడీ కార్డు మెళ్ళో వేసుకుని నడుస్తుంటే పక్కనే నడవడానికి ఇష్టపడేవాడట కూడా. పైడిరాజుది అప్పటికి కాంట్రాక్టు ఉద్యోగం. దసరా వెళ్ళాక పర్మనెంట్ చేస్తామని కంపెనీ మాటిచ్చింది. అతని ఇల్లంతా ఆ మాట మీదే కళ్ళు పెట్టుకుని ఉంది.

శిరోధార్యం

ఇక పరువు. మా జనరల్ మేనేజరు సత్యారావు గారు మంచి మనిషి. యార్డులోకి వస్తే అందర్నీ బావా అనే పలకరించేవారు, కూలీలతో కలిసి టీ తాగేవారు. ఆయనతో ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది ఏమిటంటే, కంప్యూటర్ ముందు కూర్చుంటే చేతికి ఆవేశం వచ్చేది. తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవకుండా 'అవును' నొక్కేవారు. ఒకసారి నన్ను పిలిపించారు.

"గ్రేసమ్మా, ఈ యార్డుకి జీఎం ఎవులు?"

"మీరే సార్."

"మరి కాటా కుర్రోడు ఎంట్రీ దిద్దగలడంట, నాను దిద్దలేనంట. ఏటిది?"

"మీరు చూడొచ్చు సార్. దిద్దే పని వాళ్ళది."

"ఊరికే సూడ్డానికి నానేటి సినిమాకొచ్చినానా? నాకు అన్ని పవర్లూ కావాల. రేపటికల్లా పెట్టీ."

పిల్లలూ, ఇది మీకూ జరుగుతుంది. పర్మిషన్ అనేది పనిని బట్టి ఇవ్వాలి, కుర్చీ సైజుని బట్టి కాదు. ఈ మాట పెద్దవాళ్ళకి చెప్పి చూడండి. వాళ్ళకి వినబడేది "మీ మీద నమ్మకం లేదు" అని మాత్రమే. నేను చెప్పాను, ఆయనకి అలాగే వినబడింది, మొహం చిన్నబుచ్చుకున్నారు. ఇవ్వనంటే ఆయన పరువు పోతుంది. ఇస్తే డేటాబేస్ పోతుంది. ఇంటికెళ్ళి చేపల పులుసు కలుపుతూ ఆలోచించాను. కాస్త నవ్వొచ్చింది. నాకు ఒంటరిగా నవ్వొచ్చిందంటే మంచి ఆలోచన కాదని మా ఆయన అంటుంటారు.

మర్నాటికి సత్యారావు గారికి 'మహాధికారి' అనే లాగిన్ తయారైంది. తెర చుట్టూ బంగారు అంచు పెట్టాను. దిద్దు, మార్చు, తీసేయి అని ఎంత పెద్ద బటన్లు కావాలంటే అంత పెద్దవి పెట్టాను. చూసే అధికారం ఒక్కటే నిజం, మిగతావి బొమ్మలు. ఏ బటన్ నొక్కినా ఆకుపచ్చ అక్షరాల్లో "తమ ఆజ్ఞ శిరోధార్యం" అని వస్తుంది. అంతకుమించి ఏమీ జరగదు.

ఆయన ఎంత సంబరపడ్డారంటే అకౌంట్స్ వాళ్ళని కూడా పిలిచి చూపించారు. "సూసినారా, మెషీనుకున్న మర్యాద మీకు నేదు" అని వాళ్ళని తిట్టారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "దిద్దినాను గానీ ఇంకా మారలేదేటమ్మా?" అని అడిగేవారు. "పెద్ద అధికారాలు కదా సార్, పైకెళ్ళి రావాలి. కాస్త నిదానం" అనేదాన్ని. ఆయన చెప్పింది అర్థమున్న మార్పయితే ఈలోగా నేనే చేసేసేదాన్ని. అర్థం లేనిదైతే కాసేపటికి ఆయనే మర్చిపోయేవారు. ఇలా చాలాకాలం ఇద్దరం హాయిగా ఉన్నాం.

ఇంతకన్నా తెలివైన పని నా ఉద్యోగంలో ఇంకోటి చేయలేదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

డిస్కుకి కొబ్బరికాయ

బద్ధకం గురించి ఎక్కువ చెప్పను. బ్యాకప్ అంటే నకలు. నకలు తీయడం ఎవరైనా చేస్తారు, ఆ నకలు మళ్ళీ తెరుచుకుంటుందో లేదో చూసుకోవడానికే ఎవరికీ ఒళ్ళు వంగదు. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్టే లెక్కేసుకోండి.

మా నకలు ఒక డిస్కులో ఆఫీసు బీరువాలో ఉండేది. రెండో నకలు ప్రతి శనివారం ఆటోనగర్‌లో ఉన్న మా గోడౌనుకి చేరాలి. ఒకచోట నిప్పంటుకున్నా రెండోచోట ఉంటుందని. కానీ గేటులోంచి డిస్కు బయటికి తీసుకెళ్ళాలంటే ముగ్గురి సంతకాలు కావాలి, అందులో ఒకరు ఎప్పుడూ సెలవులో ఉంటారు. గేటు దగ్గర గార్డు బ్యాగులన్నీ వెతికేవాడు గానీ ఆడవాళ్ళ క్యారేజీ ఎప్పుడూ తెరిచేవాడు కాదు. అందుకని డిస్కుకి కోడ్ తాళం వేసి, పాలిథిన్ కవర్లో చుట్టి, క్యారేజీ మధ్య గిన్నెలో పెట్టి తీసుకెళ్ళేదాన్ని. మీరు ఇలా చేయకండి. నన్నెవరైనా పట్టుకుని ఉంటే నేనే నా మీద చర్య తీసుకోవాల్సి వచ్చేది. ఆ డిస్కుకి చివరిదాకా ఎండు చేపల వాసన పోలేదు.

ఆఫీసు బీరువా బాధ్యత అటెండరు అప్పన్నది. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. దసరాకి ఆయుధపూజ చేశారు. క్రేన్లకి, లారీలకి, కాటాకి బొట్లు పెట్టి దండలేశారు. పండగ వెళ్ళాక వచ్చి బీరువా తెరిచేసరికి, నా బ్యాకప్ డిస్కు పసుపు రాసుకుని, కుంకుమ బొట్టు పెట్టుకుని, నెత్తిమీద నిమ్మకాయతో పెళ్ళికూతురిలా కూర్చుని ఉంది. పక్కన కొబ్బరి చిప్పలు.

"అప్పన్నా, కొబ్బరినీళ్ళు ఎక్కడ పోశావు?"

"ఎక్కడేటి మేడమ్, దాని మీదే సిలకరించినాను. కంపెనీ పేణమంతా దీన్లోనే ఉందని మీరే కదా సెప్పినారు. మరి దానికి సేయకపోతే ఇంకెవులికి సేత్తాం?"

తీగ తగిలించి చూశాను. కంపెనీ ప్రాణం పలకలేదు. అప్పన్నని ఒక్క మాట అనలేకపోయాను. నకలు తెరిచే ప్రతిసారీ నేను కళ్ళు మూసుకుని ప్రభువుకి ప్రార్థన చేసుకునేదాన్నే. ఇద్దరిలో అతనికే భక్తి ఎక్కువ, అంతే తేడా.

ఆటోనగర్ నకలుంది కదా, కొత్త డిస్కు కొనేదాకా ఏం కాదులే అనుకున్నాను.

ఓడ మాయమైంది

ఆ మర్నాడే కాటా గది నుంచి ఫోను. పండక్కి ముందు దిగిన ఒక బొగ్గు ఓడ తాలూకు లారీ బరువులన్నీ డేటాబేస్‌లో లేవు. ఒక్క లారీ కూడా లేదు. సరుకు యజమానులకి లెక్క అప్పజెప్పాల్సిన రోజది. ఓడ పేరు కొట్టి వెతికితే, అలాంటి ఓడే రాలేదంటోంది.

ఆటోలో ఆటోనగర్ వెళ్ళి ఎండు చేపల డిస్కు తెచ్చాను. పండక్కి ముందు శనివారం నేను క్యారేజీలో మోసుకెళ్ళిన నకలు అది, ఓడ పని అప్పటికే అయిపోయింది కాబట్టి బరువులన్నీ అందులో ఉండాలి. ముందు దాన్ని పక్కన ఒక నకలు డేటాబేస్‌గా తెరిచాను, సరిచూసుకున్నాను, తర్వాత ఓడ లారీలన్నిట్నీ అసలు దాంట్లోకి ఎక్కించాను. అన్నీ వచ్చాయి. కుర్చీలో వెనక్కి వాలి అప్పన్న తెచ్చిన టీ తాగాను. అంతా అయిపోయిందనుకున్నాను.

అవలేదు. హెడ్డాఫీసుకి డేటా దొరికితే సరిపోదు, మనిషి కావాలి. తీసేసింది ఎవరి లాగిన్ అని అడిగారు. చూశాను. పైడిరాజుది.

హెడ్డాఫీసు నుంచి ఆడిటరమ్మ వస్తోంది, సత్యారావు గారు విచారణ చేస్తారు, సాయంత్రానికల్లా కాంట్రాక్టు రద్దు చేసి పంపించేస్తారు అని కబురొచ్చింది. పర్మనెంట్ మాట ఇంకెవరూ ఎత్తలేదు. పైడిరాజుని నా గదికి పిలిచాను. వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"నువ్వు తీశావా?"

"నేదు మేడమ్."

"మరి నీ లాగిన్ ఎవరికిచ్చావు? ఏ బావకి?"

వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "సార్ వొచ్చినారు మేడమ్. మొన్న, అతిథులతోటి. ఆళ్ళకి కంప్యూటర్ సూపిత్తానని కూకున్నారు. సార్‌ది పని సేయనేదు. 'లే బావా, ఒక్క నిముషం' అన్నారు. లేచినాను."

సార్‌ది ఎందుకు పని చేయలేదో ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసు.

"ఈ మాట విచారణలో చెప్పు."

"ఎలగ సెప్తాను మేడమ్? నలుగురి ముందు నన్ను బావా అని పిలిసినారు. ఆ మనిషి పరువు నానెలగ తీత్తాను? ఇంట్లో నాన్నకి ఏటి సెప్పాలో తెల్దు గానీ, అది మాత్రం సెప్పలేను."

నాకు చాలా కోపం వచ్చింది. మొదట అతని మీద, తర్వాత సత్యారావు గారి మీద, చివరికి నా బంగారు అంచు తెర మీద. సత్యారావు గారు అబద్ధమాడే మనిషి కాదు. అతిథులకి చూపించడానికి టెస్ట్ ఓడ అని మేం ప్రాక్టీసుకి పెట్టుకున్న ఉత్తుత్తి ఓడని తీసేశానని ఆయన అనుకుని ఉంటారు. జాబితాలో దాని కిందే అసలు ఓడ ఉంది. ఎప్పట్లాగే చదవకుండా 'అవును' నొక్కి ఉంటారు. అసలు పక్క సీట్లో కూర్చున్న సంగతే ఆయనకి గుర్తుండి ఉండదు. నేను వెళ్ళి చెప్పొచ్చు. చెబితే నమ్మరు, తనకి అన్ని పవర్లూ ఉండగా కుర్రాడి సీటు ఎందుకంటారు. నమ్మించాలంటే బటన్ సంగతి బయటపెట్టాలి. అప్పుడు జీఎంని ఆటపట్టించిన ఉద్యోగిగా నేనూ పైడిరాజు వెనకే గేటు దాటాలి. మా అమ్మాయి చదువు ఇంకా అవలేదు, భయమేసింది. కానీ అతను గోడకి ఆనుకుని నిలబడ్డ తీరు చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

కాటా గదిలో

విచారణ కాటా గదిలోనే పెట్టమని అడిగాను. ఓడ ఎలా పోయిందో అక్కడే చూపిస్తానన్నాను. రెండు కంప్యూటర్లనీ నకలు డేటాబేస్‌కి కలిపాను, ఏం నొక్కినా అసలు డేటాకి ఏమీ కాకుండా. ఒకదాంట్లో మహాధికారి లాగిన్, పక్కదాంట్లో పైడిరాజు లాగిన్ తెరిచి ఉంచాను. అతన్ని ఎప్పట్లాగే తన కుర్చీలో కూర్చోమన్నాను.

ఆడిటరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఓడని తీసేసే అధికారం ఎవరెవరికుంది?"

"కాటా ఆపరేటర్లకుందండీ. ఉండకూడదు, ప్రోగ్రాం రాసినవాళ్ళు పెట్టేశారు. పెద్దవాళ్ళలో మా సార్‌కుంది."

"నాకు అన్నీ ఉన్నాయండి" అన్నారు సత్యారావు గారు, కాస్త నిటారుగా కూర్చుని.

"అయితే సార్, ఆ టెస్ట్ ఓడని తీసి ఒకసారి మేడమ్‌కి చూపిస్తారా? ఇది నకలే, ఏమీ పోదు."

ఆయన హుషారుగా బటన్ నొక్కారు. తమ ఆజ్ఞ శిరోధార్యం. ఓడ అక్కడే ఉంది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ శిరోధార్యం. ఓడ కదల్లేదు.

"ఇది ఎప్పుడూ ఇంతేనండి" అన్నారాయన ఆడిటరమ్మతో, ఏమాత్రం తొణక్కుండా. "పెద్ద అధికారాలు కదా, పైకెల్లి రావాల. కాస్త నిదానం." అంటూ కుర్చీ పక్కకి జరిపి పైడిరాజు భుజం తట్టారు. "లే బావా, ఒక్క నిముషం. ఈడి దాన్లో అయితే టక్కున అయిపోద్దండి. మొన్న కూడా ఇలగే..."

వేలు మౌస్ మీద ఉండిపోయింది.

బయట ఒక లారీ కాటా ఎక్కి హారన్ కొట్టింది. పైడిరాజు నేలకేసి చూస్తున్నాడు. సత్యారావు గారు తెర దగ్గరికి వంగి, బహుశా మొదటిసారి, జాబితాని పైనుంచి కిందికి చదివారు.

"గ్రేసమ్మా," అన్నారు చిన్న గొంతుతో, "మొన్న నాను తీసింది టెస్ట్ ఓడే కదా?"

"రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి సార్."

ఆయన తప్పించుకోవచ్చు. ఆపరేటరు లేవకుండా ఉండాల్సిందనొచ్చు, కంప్యూటర్ పాడైందనొచ్చు. అలాంటి మేనేజర్లని చాలామందిని చూశాను. ఆయన లేచి నిలబడి, కుర్చీ పైడిరాజు వైపు తోసి, "కూకో బావా" అన్నారు. తర్వాత ఆడిటరమ్మతో, "రాసుకోండమ్మా. తీసింది నాను. ఈడు కాదు" అన్నారు.

"సార్ కావాలని సేయనేదండి" అన్నాడు పైడిరాజు గబగబా. ఆ విచారణ మొత్తంలో అతను మాట్లాడింది అదొక్కటే.

ఎలా చేశారు మేడమ్

సాయంత్రం సత్యారావు గారు పిలిపించారు. రాజీనామా కాగితం రాసుకునే వెళ్ళాను.

"ఆ శిరోధార్యాలన్నీ ఉత్తివేనా?"

"చూసేది నిజమే సార్. మిగతావి..."

"మొదటి రోజు నుంచీ?"

"మొదటి రోజు నుంచీ సార్."

ఆయన కిటికీలోంచి బొగ్గు గుట్టల్ని చూస్తూ కూర్చున్నారు. "నా మాటకి కంప్యూటర్ కూడా ఎదురు సెప్పదని మా ఇంట్లో ఎన్నిసార్లు సెప్పుకున్నానో తెల్సా?" అన్నారు. నాకు నిజంగా సిగ్గేసింది. బటన్లు తీసేస్తానన్నాను.

"ఉండనీ" అన్నారు. కాస్త ఆగి గొంతు తగ్గించారు. "హెడ్డాఫీసులో ఛైర్మన్ గారి బావమరిది కూడా మన యార్డు మీద పవర్లు కావాలని ప్రాణం తీత్తన్నాడు. ఆయనకీ ఒకటి పెట్టీ. బంగారు అంచు నాకన్నా లావుగా ఉండాల."

పెట్టాను. ఆయన ఇప్పటికీ చాలా సంతోషంగా ఉన్నారని వింటున్నాను.

ఆపరేటర్లకి ఓడని తీసేసే అధికారం ఆ వారమే పీకేశాను. పాస్‌వర్డ్‌ల విషయంలో మళ్ళీ క్లాసు పీకలేదు. ఒకే ఒక్క షరతు పెట్టాను: మీ పాస్‌వర్డ్ మీ బావకి చెప్పడానికి మీరు సిగ్గుపడే మాట అయి ఉండాలి. ఒక్కొక్కరూ చేయి అడ్డం పెట్టుకుని కొట్టారు. ఏం పెట్టుకున్నారో నాకు తెలియదు, డేటాబేస్‌లోనూ చదవడానికి వీలు కాకుండా దాస్తాం. తర్వాత ఒకసారి ఒకతను జ్వరం వచ్చినా దుప్పటి కప్పుకుని డ్యూటీకి వచ్చేశాడు గానీ పాస్‌వర్డ్ మాత్రం బావకి చెప్పలేదు. నా ఉద్యోగంలో సెక్యూరిటీ అంత గట్టిగా మరెప్పుడూ లేదు.

పైడిరాజు పర్మనెంట్ అయ్యాడు. వాళ్ళ నాన్న స్వయంగా వంజరం చేప తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. విచారణ తర్వాత ఆఫీసులో అందరూ నన్ను ఆ బటన్ ఎందుకు పెట్టావని అడిగారు. పైడిరాజు ఒక్కడే, "ఎలగ సేసినారు మేడమ్?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగినవాణ్ణి వదలకూడదు. డ్యూటీ అయ్యాక నా దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, గాజువాకలో కోర్సులు చేశాడు, పరీక్షలు రాశాడు. నేను రిటైరయ్యేనాటికి నా కుర్చీకి అతనికన్నా తగిన మనిషి కంపెనీలో లేడు.

అతనికి నేను మరీమరీ చెప్పిన పాఠం ఒకటుంది. మనిషి ఉద్యోగం వదిలిన రోజే అతని లాగిన్ మూసేయాలి. ఎంత పెద్దవాడైనా, ఎంత కావాల్సినవాడైనా. వీడ్కోలు దండ వాడకముందే మూసేయాలి.

అన్నీ చెప్పి, నా వీడ్కోలు రోజున దండ మెళ్ళో ఉండగానే అతన్ని పక్కకి పిలిచి, "నా లాగిన్ ఉంచరా. అప్పుడప్పుడూ వచ్చి చూసుకుంటాను" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తాళాలు దాచిన మనిషికి ఒట్టి చేతులతో ఇంటికెళ్ళడం కష్టమనిపించింది.

"మీకు లేనిదేటి మేడమ్. అలగే" అన్నాడు.

కొన్నాళ్ళకి ఏదో సంతకం పని మీద ఆఫీసుకి వెళ్ళాను. పైడిరాజు నన్ను నా పాత కుర్చీలో కూర్చోబెట్టి టీ చెప్పాడు. లాగిన్ అయ్యాను. ఓడలు, లారీలు, బరువులు అన్నీ వరసగా వచ్చాయి. ప్రాణం లేచొచ్చింది. చూస్తుంటే ఎప్పుడో మానేసిన ఒక ఆపరేటరు లాగిన్ ఇంకా తెరిచే కనబడింది. ఇన్ని పాఠాలు చెబితే ఇదా అని గొణుక్కుంటూ 'మూసేయి' నొక్కాను.

ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. తమ ఆజ్ఞ శిరోధార్యం.

మళ్ళీ నొక్కాను. శిరోధార్యం. అప్పుడు చూసుకున్నాను, తెర చుట్టూ సన్నటి బంగారు అంచు. జాబితాలో నేను రిటైరయ్యాక వచ్చిన ఓడ ఒక్కటీ లేదు. అది నకలు డేటాబేస్. నిజమైనదాన్ని నాకు చూడనైనా చూడనివ్వలేదు వీడు. నాకు కోపం రావాలి. కానీ నవ్వొచ్చింది.

పైడిరాజు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహంలో ఎక్కడా నవ్వు లేదు.

"పని చేయట్లేదేంట్రా?" అన్నాను.

"కాస్త నిదానం మేడమ్" అన్నాడు. "పెద్ద అధికారాలు కదా, పైకెల్లి రావాల."

టీ తాగేసి, ఎవరూ చెప్పకుండానే లాగౌట్ కొట్టి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.